సార్ అడగలేదని చెప్పాను

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. లోపలికి పోదు, బయటికి రాదు. స్కూల్లో పిల్లల్ని ఆడిస్తున్నప్పుడు గుర్తుండదు. ఇంట్లో అమ్మతో పోట్లాడేటప్పుడూ గుర్తుండదు. స్వరూప నా ఎదురుగా కూర్చుని ఏదో చెప్పి, చెప్పినదానికి తనకే నవ్వొచ్చి, టీ ఒలకబోసుకుంటుంది చూడండి, అప్పుడు గుర్తొస్తుంది. నేనూ నవ్వుతాను. నవ్వుతూనే ఉంటాను, లోపల మాత్రం ఎవరో నా చెయ్యి పట్టుకుని ఆపినట్టుంటుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. మిగతావాళ్ల పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

మాది చిక్కడపల్లి. నారాయణగూడలో డిగ్రీ చదివాను. 2009లో మా కాలేజీ అమ్మాయిల కబడ్డీ జట్టుకు నేనే కెప్టెన్‌ని. కెప్టెన్ అంటే ఏదో అనుకోకండి. టాస్‌కి వెళ్లేది, సార్ తిట్లు అందరికంటే ముందు తినేది. జట్టు అంటే నిజానికి స్వరూప.

స్వరూపది జనగామ వైపు పల్లె. బర్కత్‌పురలో చిన్నమ్మ వాళ్లింట్లో ఉండి చదువుకునేది. బక్కగా, పొడుగ్గా ఉండేది. గీత దాటి కూతకు వెళ్లిందంటే అవతలి అమ్మాయిల కాళ్ల వంక చూసేది కాదు, ముఖాల వంక చూసేది. చిన్నగా నవ్వేది కూడా. వాళ్లు ఆ నవ్వుకే తడబడేవాళ్లు. అంతలో ఇద్దర్ని ముట్టుకుని, ఎవరి చేతికీ చిక్కకుండా జారి, దుమ్ము దులుపుకుంటూ మావైపు వచ్చేసేది. చూడటానికి వచ్చినవాళ్లు ఈలలు వేసేవాళ్లు.

నేను పట్టేదాన్ని. అవతలి నుంచి కూతకు వచ్చినదాని కాలు దొరకబుచ్చుకుని, మిగతావాళ్లు వచ్చి పడేదాకా వదలకుండా ఉండటం నా పని. మోకాళ్లు చెక్కుకుపోయేవి, గోళ్లు విరిగేవి. కాలు పట్టినవాళ్ల పేరు ఎవరికి గుర్తుంటుంది? మా నాన్న ఒక్కసారి మ్యాచ్ చూడటానికి వచ్చాడు. ఆ రోజు భోంచేస్తున్నంతసేపూ స్వరూప గురించే మాట్లాడాడు. "ఏం ఆడుతదే ఆ పిల్ల!" అని. నేనూ ఆయనతో కలిసి పొంగిపోయాను.

పొంగిపోయిన మాట నిజం. ఇది మీకు ముందే చెప్పాలి. నాకు స్వరూప అంటే ప్రాణం. మా అమ్మ నాకు డబ్బా కట్టేటప్పుడు దానికీ ఒకటి కట్టేది. పచ్చిపులుసు ఉన్న రోజు అది నా వంతు కూడా లాగేసేది. ప్రాక్టీసు అయ్యాక నా మణికట్లు వాచి ఉంటే, అడగకుండానే పక్కన కూర్చుని మందు రాసేది. "నువ్వు పట్టి ఆపకపోతె నేను పోయి తెచ్చిన పాయింట్లన్నీ ఏడికి పోతుండె?" అనేది. ఆ మాట ఎవరూ అనేవారు కాదు, అది తప్ప.

మరి నేనెందుకు అలా చేశాను?

నవంబరులో ఒక పొద్దున ప్రాక్టీసు. రాత్రి వాన పడి గ్రౌండు తడిగా ఉంది. స్వరూప ఎగిరి దూకింది, కాలు జారి మోకాలు మెలిపడింది. ఎవరూ తగల్లేదు. ఎవరి తప్పూ లేదు. దాని కాలు నా ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎముక విరగలేదు గానీ రెండు నెలలు ఆట మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. డిసెంబరులోనే టోర్నమెంటు. యూనివర్సిటీ జట్టుకు అమ్మాయిల్ని ఎంపిక చేసేది ఆ ఆటలు చూసే. యూనివర్సిటీకి ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరుకుతుందని స్వరూప ఆశ. వాళ్లింట్లో దాన్ని చదివిస్తున్నది కూడా ఆ ఆశతోనే. ఆటోలో అది మోకాలి గురించి ఏడవలేదు, టోర్నమెంటు గురించి ఏడ్చింది.

గోవర్ధన్ సార్ మా ఆటల సార్. నోరు కఠినం, మనసు మెత్తన. స్వరూప చోట ఎవర్ని పంపాలో తోచక ఒక్కొక్కర్నీ పరీక్షించి, చివరికి మౌనికను తేల్చాడు. మౌనిక ఫస్టియర్ పిల్ల. మా వీధి వెనక వీధే. కాళ్లలో వేగం ఉంది గానీ గుండెలో లేదు. గీత దాటగానే కూత సన్నబడిపోయేది. కూత ఆగిందంటే అవుటే కదా. మొదటి ప్రాక్టీసు మ్యాచ్‌లో ప్రతిసారీ సగంలోనే ఊపిరి వదిలేసింది. అవతలి జట్టువాళ్లు నవ్వారు. ఓడిపోయాం, మామూలుగా కాదు.

ఆ సాయంత్రం సార్ మమ్మల్ని కూర్చోబెట్టి అన్నాడు. "స్వరూప లేదు. ఇగ కూతకు పోయి గెలుసుడు మనతోని కాదు. పట్టి గెలవాలె." తర్వాత నావైపు తిరిగాడు. "బిడ్డా, ఇప్పటిసంది జట్టు నీది."

ఆ మాట నాలో ఎక్కడ దిగిందో అప్పుడు తెలియలేదు.

సార్ జట్టునంతా మార్చాడు. చేతులు పట్టుకుని గొలుసులా ఎలా నిలబడాలి, ఎవరు కాలికి, ఎవరు నడుముకి, నేను కనుసైగ చేస్తే ఎవరు మూయాలి, రోజూ అదే. కొద్ది వారాల్లో మేము వేరే జట్టు అయ్యాం. ప్రాక్టీసు మ్యాచ్‌లకు వచ్చిన కాలేజీలవాళ్లు మౌనికను చూసి నవ్వడం మానలేదు, కానీ మావైపు కూతకు రావడానికి జంకేవాళ్లు. ఒకరోజు గేటు దగ్గర ఎవరో నన్ను చూపించి, "ఆమెకు దొరికితే ఇగ అంతే" అన్నారు. ఇంటికి వెళ్లేదాకా ఆ మాట చెవుల్లోనే ఉంది. సిగ్గుగా ఉంది ఇప్పుడు చెప్పడానికి.

అంతలో తెలంగాణ ఉద్యమం భగ్గుమంది. బంద్‌లు, మూతపడ్డ కాలేజీలు, ఖాళీ రోడ్లు. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద పిల్లలు క్రికెట్ ఆడారు. టోర్నమెంటు వాయిదా పడింది, ఫిబ్రవరి అన్నారు. కాలేజీ మూసి ఉన్నా సార్ వాచ్‌మన్‌ను బతిమాలి గేటు తీయించేవాడు. మేము నడిచి వెళ్లి ఆడి వచ్చేవాళ్లం.

రోజూ ప్రాక్టీసు మొదలయ్యేముందు సార్ నన్ను అడిగే మొదటి మాట ఒకటే. "స్వరూప ఎట్లున్నది? నడుస్తున్నదా?" నేను బర్కత్‌పుర వెళ్లి వస్తుంటానని ఆయనకు తెలుసు. నేను చెప్పింది విని తల ఊపి, అప్పుడు ఈల ఊదేవాడు.

టోర్నమెంటు వెనక్కి వెళ్లడంతో స్వరూప మోకాలికి గడువు దొరికింది. ఆ సంగతి నాకంటే ముందు దానికి తట్టింది. జనవరి చివర్లో ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి డాబా మీద ఉంది. నన్ను చూడగానే మెట్లు దిగి, మళ్లీ పరిగెత్తి ఎక్కింది. డాబా ఈ చివరి నుంచి ఆ చివరికి పక్కవాటుగా ఉరికి చూపించింది. ముఖం వెలిగిపోతోంది.

"చూస్తివా? నొస్తలేదు!"

"జర నెమ్మదే," అన్నాను.

"సార్‌ని అడుగు. ఒక్కసారి గ్రౌండ్ల దించి చూడమను. ఆడగలనో లేదో ఆయననే చెప్తడు. వద్దంటె పక్కకు కూసుంట, నీళ్లిచ్చుకుంట."

"నువ్వే వచ్చి అడగరాదూ?"

"నాతోని కాదే. సార్ ముంగట నిలబడితె ఏడుపొస్తది నాకు. నువ్వు చెప్తె వింటడు. అడుగుతవా?"

"అడుగుత," అన్నాను.

అడుగుదామనే అనుకున్నాను. మీరు నమ్మండి. బర్కత్‌పుర నుంచి నడిచి వస్తూ ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను. మర్నాడు ప్రాక్టీసుకు వెళ్లాను. సార్ ఎప్పటిలాగే అడిగాడు. నేను నోరు తెరిచాను.

"ఇంకా నొస్తున్నదట సార్. ఇప్పట్ల రాలేనన్నది."

ఎలా వచ్చింది ఆ మాట? ఎవరు అన్నారు దాన్ని? సార్ ముఖం చిన్నబోయింది. "నేనే ఒకపారి పోయి చూసొస్త," అన్నాడు. ఆ అబద్ధం ఎలా వచ్చిందో తెలియదన్నాను కదా, రెండోది ఎలా వచ్చిందో మాత్రం బాగా తెలుసు. ఆలోచించే చెప్పాను. "వాళ్ల చిన్నమ్మకు ఎవరన్న ఇంటికొస్తె నచ్చదు సార్." ఆ చిన్నమ్మ నేను వెళ్లినప్పుడల్లా సర్వపిండి తినకుండా కదలనిచ్చేది కాదు.

ఆ వారంలోనే మళ్లీ బర్కత్‌పుర వెళ్లాను. స్వరూప బూట్లు కడిగి ఎండకు పెట్టుకుంది.

"సార్ వద్దన్నడే," అన్నాను. "టీం సెట్టయింది, ఇప్పుడు మార్చనన్నడు."

అది ఒక బూటు తీసి తిరగేసి చూసింది.

"గట్లన్నడా సార్?"

"ఆఁ."

"నా గురించి అడిగిండా?"

అక్కడ నాకింకా దారి ఉంది. రోజూ అడుగుతడే అని ఉంటే చాలు. ఆట పోయినా, మనిషన్నా మిగిలేవాడు దానికి. కానీ రోజూ అడిగే మనిషి రావద్దని ఎందుకంటాడు? అబద్ధం అతకాలి కదా.

"అడగలే," అన్నాను.

అది ఏడవలేదు. బూట్లు తీసుకెళ్లి లోపల పెట్టి వచ్చి, "చాయ్ తాగుతవా?" అని అడిగింది.

తాగాను.

ఇక మౌనిక సంగతి. ఆ పిల్లకు ధైర్యం రావాలని, "నా చోట మౌనికనే ఆడాలె అని స్వరూప చెప్పమన్నది" అన్నాను. మౌనిక కళ్లు పెద్దవయ్యాయి. "నిజంగ అన్నదా అక్కా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. ఆ రోజు నుంచి దాని కూత నిలబడింది. ఇద్దర్నీ ముగ్గుర్నీ అవుట్ చేసేది కాదు గానీ ఊపిరి వదలకుండా వెళ్లి, ఒక్కర్నయినా ముట్టుకుని వచ్చేది. మాకు అంతే కావాలి. మిగతాది మేము పట్టి గెలిచేవాళ్లం.

చాలాకాలం నాకు నేను చెప్పుకున్న సమాధానం మౌనికే. పాపం, అప్పుడప్పుడే లేస్తున్న పిల్ల, స్వరూప వస్తే మళ్లీ కుంగిపోయేది కదా, జట్టు కోసమే కదా, స్వరూప మోకాలు మళ్లీ పోతే ఎట్లా, దాని మంచికే కదా. ఎన్ని చెప్పుకున్నానో. అన్నిట్లోనూ కొంచెం కొంచెం నిజం ఉంది, అందుకే ఇన్నాళ్లు నిలబడ్డాయి. అసలు సంగతి చిన్నది. స్వరూప వస్తే మళ్లీ అందరూ దాన్నే చూస్తారు. నేను మళ్లీ మూలన నిలబడి కాలు పట్టేదాన్నవుతాను. అది నాకు ఇష్టం లేదు. అంతే.

ఫిబ్రవరిలో ఆడాం. ఫైనల్ దాకా వచ్చాం. ఫైనల్ రోజు స్వరూప వచ్చింది. పిలవలేదు నేను. మోకాలికి పట్టీ కూడా లేదు. జనంలో నిలబడి మా కాలేజీ పేరు అరుస్తూ ఉంది. సగం ఆట అయ్యేసరికి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. విరామంలో అది నేరుగా మా దగ్గరికి వచ్చింది.

సార్ దాన్ని చూశాడు. ఇద్దరూ ఒక్క నిమిషం మాట్లాడుకుంటే చాలు, అంతా బయటపడుతుంది.

"ఎట్లున్నది మోకాలు?" అన్నాడు సార్.

"పర్వాలేదు సార్," అంది స్వరూప, నేల చూస్తూ.

అంతే. రాలేనందని ఆయన మనసులో కినుక, వద్దన్నాడని దాని మనసులో. ఆయన నీళ్ల సీసా అందుకున్నాడు. అది మౌనిక వైపు తిరిగింది. ఎదుటి జట్టులో ఎడమ చివర నిలబడ్డ అమ్మాయి ముందుకు రావడానికి తొందరపడుతోందని, ఆమెను ఊరించి ముందుకు లాగి ముట్టుకోమని చెప్పింది. మౌనిక అన్నీ విని, ఒక్కసారిగా దాని చేతులు పట్టుకుంది.

"అక్కా, నా చోట మౌనికనే ఆడాలె అన్నవట. నీ పేరు నిలబెడత."

స్వరూప నావైపు చూసింది.

ఎంతసేపు చూసిందో చెప్పలేను. కోపం లేదు ఆ చూపులో. ఏదో అర్థం చేసుకుంటున్న చూపు. తర్వాత మౌనిక తల మీద చెయ్యి వేసింది.

"ఔ, నేనే అన్న. ఇగ పో. మధ్యల ఊపిరి విడువకు."

మౌనిక వెళ్లి ఆ ఎడమ చివరి అమ్మాయిని ముట్టుకుని వచ్చింది. ఇంకోసారీ వెళ్లింది. ఆట చివర్లో ఒక్క పాయింటు మాది ఎక్కువ. అవతలివాళ్ల ఆఖరి కూత. వచ్చిన అమ్మాయి బలమైనది. కాలు దొరికింది నాకు. ఈడ్చుకుపోతోంది, గీత దగ్గరైపోతోంది, మావాళ్లు ఒక్కొక్కరే వచ్చి మీద పడ్డారు. వదల్లేదు. గెలిచాం.

అందరూ నా పేరు అరిచారు. నేను కోరుకున్నది అదే కదా, దొరికింది. అబద్ధమాడి తెచ్చుకున్న సంతోషం చేదుగా ఉంటుందని మీరు అనుకుంటారేమో. లేదు. ఎంత తియ్యగా ఉందో! నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నది స్వరూప. "ఏం పట్టినవే!" అంటూ ఏడ్చేసింది. దాని చెంప దుమ్ము నా చెంపకు అంటింది.

యూనివర్సిటీకి మా జట్టు నుంచి ఇద్దర్ని తీసుకున్నారు. మౌనికను, నన్ను. ఈ మధ్యే మౌనికకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. మొదటి స్వీట్ల డబ్బా స్వరూపకే తీసుకెళ్లి ఇచ్చింది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పుతున్నాను, అదీ ఆ సర్టిఫికెట్ చలవే. స్వరూప మళ్లీ కబడ్డీ ఆడలేదు. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతోంది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వచ్చి చోటు పట్టుకుంటుంది. రాష్ట్రం వచ్చింది, నోటిఫికేషన్లు పడతాయని అందరిలాగే ఎదురుచూస్తోంది.

ఫైనల్ రోజు దానికి ఎంత అర్థమైంది? మౌనికతో ఒక అబద్ధం చెప్పానని తెలిసింది, అది ఖాయం. తెలిసీ నన్ను కాపాడింది. కానీ సార్ సంగతి? అది కూడా ఊహించిందా? ఊహించి ఉంటే నాతో ఇన్నేళ్లు ఇలా నవ్వగలదా? ఊహించినా నవ్వగల మనిషే అది. అందుకే నాకు అంతు చిక్కదు. ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

పోయినేడు సార్ రిటైరయ్యాడు. చిన్న సభ పెట్టాం. స్వరూప రానంది. "నేనెవరు ఆయనకు?" అంది, మామూలుగా, పుస్తకంలో నుంచి తల ఎత్తకుండా. సభలో సార్ గుంపునంతా ఒకసారి వెతికి చూసి నాతో అన్నాడు. "ఆ పిల్ల మనల్ని మర్చిపోయినట్టుంది బిడ్డా." పక్కనే నిలబడి ఉన్నాను. రెండు మాటలు చాలు. లేదు సార్, నేనే అని. ఆయన మెడలో దండ సర్ది ఊరుకున్నాను.

మొన్న అశోక్‌నగర్‌లో టీ తాగుతుంటే స్వరూప తన కాగితాలు సర్దుకుంటూ అంది. "ఆ ఒక్క సర్టిఫికెట్ ఉంటె ఎంత మంచిగుండునే." బాధగా కూడా అనలేదు. వర్షం పడితే బాగుండును అన్నట్టు అంది. తర్వాత నా గ్లాసులో మిగిలిన టీ తనే తాగేసి, లైబ్రరీలో చోటు పోతుందని లేచింది. ఆ మాట విన్నాక ఇక లోపల పెట్టుకోలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నేను సార్‌ని అడిగి ఉంటే అది ఆడగలిగేదో లేదో నాకు తెలియదు. సార్ చూసి ఈ కాలుతో వద్దనేవాడేమో. ఆడి ఓడిపోయేవాళ్లమేమో. అవన్నీ నేను తేల్చాల్సినవి కావు. సార్ చూసి చెప్పాల్సిన మాట నేను చెప్పాను, చూడకుండానే. ఒకళ్ల మీద ఒకళ్లకు ప్రాణం ఉన్న ఇద్దరు మనుషుల మధ్య నిలబడి, ఇటు మాట అటు పోకుండా, అటు మాట ఇటు రాకుండా పట్టాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే కదా.

మీరు నన్ను క్షమించొద్దు. క్షమించాల్సింది మీరు కాదు, క్షమించాల్సిన వాళ్లను అడిగే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో రాదో కూడా చెప్పలేను. ఇవాళ ఆదివారం. స్వరూప మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తుంది. అమ్మ పొద్దుటి నుంచి దానికోసం హడావిడి పడుతోంది. దాని పక్కన కూర్చుని తింటాను, అది ఏదో చెబుతుంది, నేను నవ్వుతాను. బహుశా ఇవాళ కూడా చెప్పను.

అయినా, ఇందాకటి దాకా ఈ భూమ్మీద ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీరు కూడా ఉన్నారు. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.